యంత్రం తప్పితే శిక్ష విద్యార్థికా?

దెందులూరు చుట్టుపక్కల పేటల నుంచి ఐటీఐకో, కుట్టు శిక్షణకో, కంప్యూటర్ కోర్సుకో ఏలూరు, తాడేపల్లిగూడెం వెళ్లే పిల్లలకు ఇప్పుడు పాఠం కంటే ముందు ఇంకో పరీక్ష ఎదురవుతోంది. మిషన్ మీద వేలు పెట్టాలి. లేదంటే ఫోన్ ముందు నిలబడి కళ్లార్పాలి. మిషన్ ఒప్పుకుంటే హాజరు పడుతుంది, ఒప్పుకోకపోతే ఎదురుగా కూర్చున్న విద్యార్థి లేనట్టే. హాజరు లేకపోతే పరీక్షకు అర్హత ఉండదు, సర్టిఫికెట్ రాదు.

గుర్తింపు తనిఖీ అనవసరమని మేము అనడం లేదు. ఒకరి పేరున ఇంకొకరు పరీక్ష రాస్తే నష్టపోయేది ముందు మనమే. పెద్ద కులాల పిల్లలకు ఉద్యోగం చెప్పడానికి మేనమామ ఉంటాడు, కంపెనీలో తెలిసినవాళ్లు ఉంటారు. మన పిల్లలకు చాలాసార్లు ఆ కాగితం ఒక్కటే సిఫారసు. దానికి విలువ ఉండాలంటే దాని మీద నమ్మకం ఉండాలి. కాబట్టి మా ప్రశ్న వేరు. మోసం ఎక్కడ జరుగుతోంది, తనిఖీ ఎవరి మీద పెడుతున్నారు?

ఈ ప్రశ్నకు ప్రభుత్వ ఆడిట్‌లోనే జవాబు ఉంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో మొదలైంది. దాని మొదటి మూడు దశల మీద కాగ్ ఇచ్చిన నివేదిక 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకు వచ్చింది. సుమారు 95.9 లక్షల మంది రికార్డులు చూస్తే, అందులో 94 శాతానికి పైగా బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, అర్థంలేని అక్షరాలో ఉన్నాయి, లేదా ఆ గడి ఖాళీగా ఉంది. మిగిలిన వాటిలోనూ ఒకే ఖాతా నంబరు పలువురి పేర్ల ముందు కనిపించింది. ఆ గడుల్లో సున్నాలు కొట్టింది కుట్టు మిషన్ ముందు కూర్చున్న అమ్మాయి కాదు. లెక్కలు నింపింది కేంద్రాలు, సరిచూడకుండా వదిలేసింది వ్యవస్థ.

స్కాలర్‌షిప్పుల కథా అదే. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల పేరున డబ్బు కాజేశారన్న ఆరోపణల మీద హిమాచల్‌ప్రదేశ్‌లో సీబీఐ 2019లో కేసు పెట్టింది. దర్యాప్తు నడిచింది ప్రైవేటు విద్యాసంస్థల మీద. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2020 డిసెంబర్‌లో మార్చింది. కేంద్రం వాటా 60 శాతమని, డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాకే వెళ్తుందని చెప్పింది. మధ్యలో కాలేజీ చెయ్యి తీసేయడం మంచిదే. కానీ అదే నిర్ణయంలో కులం, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఆన్‌లైన్ పోర్టల్‌లో పక్కాగా తనిఖీ కావాలన్నారు. మోసం సంస్థలది, రుజువు చేసుకునే భారం మాత్రం విద్యార్థిది అయింది.

ఇప్పుడు కౌశల్ వికాస్ యోజన నాలుగో దశలో ఆధార్ ఈ-కేవైసీ, ముఖ గుర్తింపు వచ్చాయి. వీటివల్ల దొంగ పేర్లు తగ్గవచ్చు. మరి నిజమైన విద్యార్థిని యంత్రం గుర్తుపట్టకపోతే?

ఇది ఊహ కాదు. కేంద్ర ప్రభుత్వ 2016-17 ఆర్థిక సర్వే ఆధార్ ధ్రువీకరణ విఫలమైన అంచనాలు ఇచ్చింది. జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. కొల్లేరు అప్పట్లో కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉండేది. అంటే ఆ అంకె మన పొరుగుదే. 5 శాతం తక్కువే కదా అనిపిస్తుంది. 40 మంది బ్యాచ్‌లో అది ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరన్నదే అసలు సంగతి. ఐసులో చేపలు సర్దే చేతులు, నాట్లు వేసే చేతులు, ఇటుక మోసే చేతులు. వేలిముద్ర అరిగేది పని వల్ల. మన ఊళ్లలో ఎవరి పని ఏదో కులమే చాలావరకు నిర్ణయించింది. పొద్దున పనికెళ్లి మధ్యాహ్నం క్లాసుకు వచ్చే విద్యార్థిని కోసమే కదా సౌకర్యాన్ని బట్టి చదువుకునే కోర్సులు పెట్టింది. ఆ కోర్సు గుమ్మంలోనే ఆమె చేతిని కాదంటే ఇంక ఆ సౌకర్యం ఎవరికి?

వేలి తర్వాత పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. ఒకచోట లక్ష్మిని ఒక ఇంగ్లీషు స్పెల్లింగుతో రాస్తే, ఇంకోచోట మరో స్పెల్లింగుతో రాశారు. ఇది అందరికీ ఉండే తిప్పలే. మన పేటల్లో దీనికి ఇంకో పొర ఉంది. కోస్తాలో ఎన్నో దళిత కుటుంబాల్లో చర్చిలో పిలిచే పేరు ఒకటి, రికార్డుల్లో పేరు మరొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆ చట్టం నీడలో మన పెద్దలు రెండు పేర్లతో బతికారు. ఈ చరిత్రంతా పోర్టల్‌కు ఒక్క ముక్కలో 'పేరు సరిపోలలేదు'గా కనిపిస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. మొదటిసారి నమోదు చేసినవాళ్లు తప్పు కొడితే ఒక అవకాశం దాన్ని దిద్దుకోవడానికే పోతుంది.

చట్టం ఏమంటుందో మన విద్యార్థులకు తెలియాలి. 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకు ఆధార్ అడగడాన్ని సమర్థించింది. అదే తీర్పులో బడి ప్రవేశాలకు అది తప్పనిసరి కాదంది. ధ్రువీకరణ విఫలమైందన్న కారణంతో అర్హులకు పథకం అందకుండా పోకూడదని, గుర్తింపుకు వేరే మార్గం ఉండాలని కూడా చెప్పింది. అంతకుముందే, 2017 డిసెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ సెక్రటేరియట్ ఇలాంటి సందర్భాల్లో ఏం చేయాలో శాఖలకు రాసింది. వేలిముద్ర పడకపోతే కనుపాప, అదీ కాకపోతే ఓటీపీ, అదీ కాకపోతే కార్డు చూసి ఇవ్వాలి. మార్గాలు కాగితం మీద ఉన్నాయి. శిక్షణ కేంద్రం గోడ మీద మాత్రం ఎవరూ రాసిపెట్టరు.

1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తరగతి గదికి రాలేనివాళ్ల దగ్గరికి చదువే వెళ్లాలన్నది ఆ ఆలోచన. పని చేసుకుంటూ చదివేవాళ్లను అనుమానించి కాదు, నమ్మి తలుపు తెరిచారు. ఆన్‌లైన్ తనిఖీ ఆ తలుపుకు గొళ్లెం కాకూడదు.

అందుకే మేము అడిగేవి నాలుగే.

యంత్రం విఫలమైతే దాన్ని గైర్హాజరుగా లెక్కించకూడదు. శిక్షకుడు అదే రోజు రిజిస్టర్‌లో రాసి, విద్యార్థి సంతకం తీసుకోవాలి. ఆ హాజరు చెల్లాలి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుగులో, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎవరు సరిదిద్దాలో, ఎన్ని రోజుల్లో సరిదిద్దాలో అందులో ఉండాలి. సరిదిద్దేలోపు క్లాసు, పరీక్ష ఆపకూడదు.

విద్యార్థి ముఖం, కులం, ఖాతా వివరాలు ప్రైవేటు శిక్షణ సంస్థ సిబ్బంది సొంత ఫోన్లలో ఉండకూడదు. ఎవరి దగ్గర ఉన్నాయో, ఎప్పుడు చెరిపేస్తారో చెప్పాలి.

చివరిది, ముఖ్యమైనది. సంస్థలనూ తనిఖీ చేయాలి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీకి దారి చూపింది మన తెలుగు నేలే. మస్టర్లు గ్రామసభలో చదివితే పనికి రాని పేర్లు బయటపడ్డాయి. శిక్షణ బ్యాచ్‌లకూ ఆ పద్ధతి పెట్టండి. ఎంతమంది చేరారు, ఎంతమందికి సర్టిఫికెట్ వచ్చింది, ఎంతమందికి పని దొరికింది, ప్రతి బ్యాచ్‌కు ఎంత డబ్బు తీసుకున్నారు అన్నది చేరినవాళ్ల ముందే చదవాలి. సున్నాలతో నిండిన గడులను ఏ కెమెరా కంటే ముందు పట్టుకునేది ఆ సభే.

దీనికి జీవో కోసం ఆగక్కర్లేదు. ధ్రువీకరణ విఫలమై హాజరు కోల్పోయినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎందరు, వేరే మార్గంలో హాజరు ఇచ్చింది ఎందరికి అని ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లా అధికారులను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పేటలో చదువుకున్న ఎవరైనా ఒక్క కాగితం మీద రాసి ఇవ్వగలిగిన దరఖాస్తు ఇది. లెక్క ఉంటే మాట్లాడదాం. లెక్కే లేదని జవాబొస్తే, ఆ జవాబునే పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్దాం. ఇన్నాళ్లూ మనమెవరమో మనమే రుజువు చేసుకుంటూ వచ్చాం. మన పేరున డబ్బు తీసుకుంటున్నవాళ్లు ఎవరో ఇప్పుడు వాళ్లు రుజువు చేసుకోవాలి.