సుంకం సున్నా అయితే చాలదు, గుంటకో పుస్తకం కావాలి

నెల్లూరు తీరపు రొయ్యల రైతులకు, కౌలు రైతులకు, హేచరీల వాళ్లకు, గట్ల మీద రాత్రిళ్లు కాపలా కాసే అన్నదమ్ములకు, ప్లాంట్లలో రొయ్య ఒలిచే అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం.

2025 ఆగస్టు మనలో ఎవరూ మరిచిపోలేదు. ఆ నెలాఖరుకు అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్ వెయిలింగ్ సుంకాలు కలిపితే రొయ్య మీద భారం 58 శాతం దాటింది. ఆ వారమే మా గుంటలో పట్టుబడికి తేదీ పెట్టుకున్నాం. ఐసుకు చెప్పాం, వలలు సిద్ధం చేశాం. రాత్రి ఏజెంటు ఫోను చేశాడు: "అన్నా, పెద్ద సైజు రొయ్యకు రేటు లేదు, కొన్నాళ్లు ఆగండి." రొయ్య ఆగుతుందా? మేత వేస్తే డీలరు దగ్గర అప్పు పెరుగుతుంది. మేత తగ్గిస్తే బరువు నిలవదు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి గుంటంతా తేలిపోతుంది. తర్వాత ఆ సుంకం ఎటు తిరిగినా, మన రేటు మన చేతిలో లేదన్న సంగతి మాత్రం ఆ రాత్రి తేలిపోయింది.

అప్పటి నుంచి టీ కొట్ల దగ్గర మూడు మాటలు వినిపిస్తున్నాయి. అమెరికా దిగొచ్చేదాకా ఓపిక పడదామని కొందరు. ఒక పంట మానేసి క్రాప్ హాలిడే ప్రకటిద్దామని కొందరు. బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది కదా, ఇక దిగుల్లేదని ఇంకొందరు. ఈ మూడో మాటను కాస్త విప్పి చూద్దాం.

2025 జూలై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం మన రొయ్య మీద బ్రిటన్ వేసే 4.2 నుంచి 8.5 శాతం దాకా ఉన్న సుంకం సున్నా అవుతుంది. బ్రిటన్ ఇలా సొంతంగా సంతకం పెట్టగలిగింది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది కాబట్టే. కూటమిలో ఉన్నంతకాలం ఏ దేశంతో బేరమైనా కూటమే కుదుర్చుకోవాలి. 2016 జూన్ 23న ఓటు వేసిన బ్రిటన్ జనంలో 51.9 శాతం మంది విడిపోదామన్నారు. ఆ దేశపు జాలర్లలో ఎక్కువమందిది అదే మాట: మా సముద్రం మాకు తిరిగి రావాలని.

ఎలా విడిపోవాలన్న దగ్గర మొదలైంది అసలు తగాదా. నార్వే మాదిరిగా కూటమి నిబంధనలు పాటిస్తూ ఒకే మార్కెట్‌లో ఉండటమా? కెనడా మాదిరిగా సుంకాల ఒప్పందం చేసుకుని పక్కకు జరగడమా? ఏ ఒప్పందమూ లేకుండా తెంచేసుకోవడమా? ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఓటు ఫలితం రాగానే డేవిడ్ కామెరాన్, తర్వాత ఈ తగాదాలో థెరిసా మే ప్రధాని పదవి వదులుకున్నారు. చివరికి 2020 డిసెంబర్ 24న కెనడా తరహా ఒప్పందం కుదిరింది. సుంకం లేదు, కోటా లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అది అమల్లోకి వచ్చి మూడు వారాలు తిరగకుండానే స్కాట్లాండ్ చేపల వ్యాపారులు లబోదిబోమన్నారు. నిన్నటిదాకా రాత్రి లారీ ఎక్కిస్తే మర్నాటికి ఫ్రాన్స్ బజారుకు చేరిన సరుకుకు ఇప్పుడు పశువైద్యుడి సంతకంతో ఆరోగ్య పత్రం, పట్టిన పడవ వివరాలతో ఇంకో పత్రం, కస్టమ్స్ కాగితాలు కావాల్సి వచ్చాయి. ఒక్క కాగితంలో తప్పుంటే లారీ మొత్తం ఆగింది. పీతలు, రొయ్యలు దారిలోనే పాడయ్యాయి. 2021 జనవరి 18న వాళ్లు లారీలు తీసుకెళ్లి లండన్ పార్లమెంటు పరిసరాల్లో నిరసన తెలిపారు. సుంకం సున్నా. సరుకు మంచిదే. ఆపింది కాగితం.

సుంకం కాకుండా ఇంకొకటి సరుకును ఆపడం మనకు కొత్త కాదు. బ్రిటన్ ఓటు వేసిన ఆ 2016లోనే యూరోపియన్ యూనియన్ మన సాగు రొయ్యల మీద తనిఖీ పెంచింది. అంతకుముందు నూటికి పది కన్సైన్‌మెంట్లు పరీక్షించేవాళ్లు, ఆ ఏడు దాన్ని యాభైకి తెచ్చారు. కారణం యాంటీబయాటిక్ అవశేషాలు. ఆ మందు గుంటలో పడింది ఎవరి చేత్తో? లేబుల్ సరిగా లేని డబ్బా తెచ్చి, "ఇది వేస్తే వైట్ గట్ పోతుంది" అని ఎవరో చెబితే వేసిన మన చేత్తోనే. ప్లాంటులో పది గుంటల సరుకు కలుస్తుంది. ఒక్క గుంటలో తప్పు జరిగితే మిగిలిన తొమ్మిదీ దాంతో పాటే వెనక్కి వస్తాయి.

"బ్రిటన్ ఏపాటి మార్కెట్?" అని అడిగేవాళ్ల మాటలో నిజముంది. 2024-25లో మన దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సుమారు 745 కోట్ల డాలర్లు. అందులో అమెరికా కొన్నది 271 కోట్లు, బ్రిటన్ కొన్నది 10 కోట్ల పైచిలుకు. అమెరికా లోటును బ్రిటన్ పూడ్చలేదు. కానీ లండన్ తలుపు దగ్గర పనికొచ్చే గుంట లెక్కలే యూరప్ తలుపు దగ్గరా, జపాన్‌లోనూ పనికొస్తాయి. 2007లో మొదలై 2013లో ఆగి, 2022లో మళ్లీ కదిలిన యూరప్ చర్చలు కూడా 2026 జనవరిలో ముగింపుకు వచ్చాయి. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే మనం వట్టి చేతులతో నిలబడితే ఎలా?

ఒక్క మార్కెట్‌నో, ఒక్క జాతినో నమ్ముకుంటే ఏమవుతుందో నెల్లూరుకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో దేశానికే రొయ్యల రాజధాని అనిపించుకున్నాం. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఎండబెట్టింది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో తీరప్రాంత సాగుకు అనుమతి అనేదొకటి ఉంటుందని తెలిసింది. 2005లో ఆ సాగుకు చట్టం వచ్చింది, 2009 తర్వాత వనామీ వచ్చింది. జాతి మార్చి నిలబడ్డాం. ఇప్పుడు మార్చాల్సింది లెక్క రాసే అలవాటు.

అందుకే మేం కోరేది ఇది.

రైతులు: పక్కపక్క గుంటల వాళ్లు పది పదిహేను మంది ఒక జట్టు కట్టండి. గుంటకో పుస్తకం పెట్టండి. సీడ్ ఏ హేచరీది, పీసీఆర్ రిపోర్టు ఏమంది, మేత బ్యాచ్ నంబరేంటి, ఏ రోజు ఏ మందు వేశాం, పట్టుబడి ఎవరికిచ్చాం, అన్నీ అందులో ఉండాలి. చదువు రాకపోతే పిల్లల చేత రాయించండి. లేబుల్ లేని డబ్బా గట్టెక్కనివ్వకండి. జట్టులో ఒకరు తప్పు చేస్తే మిగిలినవాళ్లు మొహమాటపడకుండా నిలదీయండి.

ప్రభుత్వం: గుంట రిజిస్ట్రేషన్ యజమాని పేరుతో ఆగిపోకుండా కౌలు రైతు పేరూ ఎక్కించాలి. పట్టుబడికి ముందు చేసే అవశేషాల పరీక్ష మండలానికి దగ్గరలో జరగాలి. పట్టుబడి తేదీ దాటిపోకముందే రిపోర్టు రైతు చేతికి రావాలి. మేత, మందుల దుకాణాల్లో తనిఖీ క్రమం తప్పకూడదు.

ఎగుమతిదారులు: సుంకం పెరిగినప్పుడు ఆ భారం రాత్రికి రాత్రే గట్టు మీదికి వచ్చింది. సుంకం పోయినప్పుడు ఆ మిగులు కూడా అంతే తొందరగా గట్టు దాకా రావాలి. పుస్తకం, పరీక్ష ఉన్న గుంటకు కౌంటు వారీగా అదనపు రేటు ఎంతో ముందే చెప్పాలి.

క్రాప్ హాలిడే కోపాన్ని చూపిస్తుంది తప్ప అప్పు తీర్చదు. అమెరికా కోసం ఎదురుచూడటం మన రేటును ఇంకొకరి చేతికి అప్పగించడమే. వచ్చే పంటకు నీళ్లు పెట్టే రోజునే షెడ్డులో మేకుకు ఒక నోటుపుస్తకం తగిలించండి. సీడ్ వదిలిన తేదీ మొదటి పేజీలో రాయండి. పక్క గుంట అన్నను పిలిచి చూపించండి.

ఇట్లు,
నెల్లూరు తీరపు రొయ్యల రైతులు కొందరు