మన ఛురీకి ధార్ ఎవరి జిమ్మేదారీ?

పోయిన బక్రీద్‌కి కసాయి మా ఇంటికి వచ్చేసరికి జొహర్ దాటింది. పొద్దున్నుంచి ఎన్ని ఇళ్లు తిరిగాడో, చొక్కా అంతా తడిసిపోయింది. పొట్టేలు కాళ్లు నేనే పట్టుకున్నాను. బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని ఛురీ ఆనించి లాగాడు. సరిగ్గా తెగలేదు. నొక్కి మళ్లీ లాగాడు. అప్పుడు పొట్టేలు గింజుకున్న బలం ఇప్పటికీ నా చేతులకి గుర్తుంది. పక్కనే నిలబడ్డ మా అబ్బాయి మొహం తిప్పుకున్నాడు.

ఆ కసాయి మీద నాకు షికాయత్ లేదు. ఆ రోజు అతనికి నీళ్లు తాగే ఫుర్సత్ కూడా ఉండదు. ఆ ఛురీతోనే జబహ్ చేసి, దానితోనే తోలు తీసి, కీళ్లు విడదీసి, ఇంకో ఇంటికి పరిగెత్తాలి. ఎముక తగిలిన ప్రతిసారీ ధార్ పోతుంది. గల్తీ నాది. జంతువు కోసం మండీలన్నీ తిరిగాను, పళ్లు చూశాను, బేరమాడాను. ఛురీ ఫిక్ర్ మాత్రం చేయలేదు.

సహీహ్ ముస్లింలో హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) రివాయత్ మనందరికీ తెలిసిందే. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఎహ్‌సాన్‌ను విధించాడని, జబహ్ చేసేవాడు ఛురీకి పదును పెట్టుకుని జంతువుకి తకలీఫ్ తగ్గించాలని దాని మత్లబ్. ఏటా ఖుత్బాలో వింటాం. విని, ఆ హుకుం కసాయికి అనుకుంటాం. జంతువు కళ్ల ముందు ఛురీ నూరకూడదని కూడా మనకి నేర్పారు. అంటే ఆ పని ముందే అయిపోవాలి.

సాన్‌వాలాకి ఇస్తే సరిపోదా అంటారు. ఎండు చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే తమాషాగానే ఉంటుంది గానీ, మరీ వేడెక్కితే అంచు ఉక్కు మెత్తబడి తొందరగా మొద్దుబారుతుంది. వేడెక్కనివ్వకుండా తేలిగ్గా ఆనించే ఉస్తాద్ మీ మొహల్లాలో ఉంటే, ఇక్కడితో చదవడం ఆపి ఆయన దగ్గరికే వెళ్లండి.

లేనివాళ్లకి నా రాయ్ ఇది: కోణం తప్పకుండా పట్టి ఉంచే సాన సాధనం ఒకటి ఇంట్లో పెట్టుకోండి. రాయి మీద నూరేటప్పుడు మనలాంటి అనాడీల చెయ్యి ఒక్కో లాగుడుకి ఒక్కోలా వాలుతుంది, అంచు గుండ్రమైపోతుంది. ఇందులో ఛురీ బిగింపులో కదలకుండా ఉంటుంది, రాయి ఒక కడ్డీకి అమర్చి ఉంటుంది. ఆ కడ్డీ దూర్చే రంధ్రమే కోణాన్ని నిర్ణయిస్తుంది. లాన్‌స్కీ సెట్టులో 17, 20, 25, 30 డిగ్రీలకి రంధ్రాలుంటాయి. జబహ్ ఛురీకి, వంటింటి కత్తికి 20 సరిపోతుంది. బోటీ కొట్టే బుగ్దాకి 30 పెట్టండి, సన్నటి అంచు ఎముక దెబ్బకి నిలవదు.

ముందు అంచుకి మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. రాయి రెండుసార్లు ఆడించాక నలుపు అంచు కొస దాకా పోతే కోణం కుదిరినట్టు. గరుకు రాయితో ఒక వైపే రుద్దుతూ పోండి. అవతలి వైపు అంచు పొడవునా సన్నటి గరుకు గోటికి తగిలేదాకా ఛురీ తిప్పొద్దు. బేసబ్రీ అంతా ఇక్కడే. రెండు వైపులా అయ్యాకే నున్నటి రాయి. పొడుగు ఛురీని ఒక్కచోటే బిగిస్తే కుదరదు, బిగింపుకి దూరమయ్యేకొద్దీ కోణం తగ్గిపోతుంది. రెండు మూడు చోట్ల మార్చి బిగించాలి. ఈ సాధనాల పెద్ద ఐబ్ అదే.

జబహ్ ఛురీ వేరుగా ఉంచండి. కసాయి చేతికి అది ఇవ్వండి, జబహ్ కాగానే వెనక్కి తీసుకోండి. అతను నొచ్చుకుంటాడేమోనన్న మొహమాటం వద్దు.

ఈసారి జిల్‌హిజ్జా చాంద్ కంటే ముందే నేను ఈ పని పెట్టుకున్నాను. కాగితం పట్టి లాగితే సర్రున తెగింది. ఖుష్ అయిపోయి మా ఆవిడకి చూపించాను. చూసి, "బక్రీద్ కీ ఛురీ కూ ధార్ లగాలియే. ప్యాజ్ కీ ఛురీ కూ కబ్ జీ?" అంది.

ఆమె కత్తి తెచ్చి చూశాను. టమాటా తోలు కూడా తెగడం లేదు. జారి వేలు తెగిన మచ్చలు ఆమె ఎడమ చేతికి రెండున్నాయి. ఇన్నేళ్లూ మన దావత్‌ల బిర్యానీకి కిలోల కొద్దీ ఉల్లిగడ్డలు దానితోనే సన్నగా తరిగింది. ప్రస్తుతం బిగింపులో ఉన్నది ఆ కత్తే.