పని ఆడవాళ్ళది, పదవి ఎవరిది?

2019 అక్టోబరులో అమెజాన్ అడవుల ప్రాంతం గురించి వాటికన్‌లో బిషప్పుల సభ జరిగింది. ఫాదర్ నెలల తరబడి రాని ఆ పల్లెల్లో ప్రార్థన నడిపేది, పిల్లలకు మతబోధ చేసేది చాలాచోట్ల ఆడవాళ్ళేనని ఆ సభ ఒప్పుకుంది. వాళ్ళ నాయకత్వానికి అధికారిక గుర్తింపు ఇవ్వమని కోరింది కూడా. చేస్తున్న పనికి పేరు పెట్టమని అడగవలసి రావడమే ఇక్కడ అసలు సమస్య.

ఈ కథ కొత్తది కాదు. 1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో సమావేశమైన లాటిన్ అమెరికా బిషప్పులు "బేస్ కమ్యూనిటీ"లను ప్రోత్సహించారు. వాడలోని కొన్ని కుటుంబాలు ఒకచోట కూర్చుని బైబిలు చదువుకుని, దాన్ని తమ బ్రతుకుతో పోల్చి చూసుకోవడమే వీటి పద్ధతి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

బ్రెజిల్లో అప్పుడు సైనిక పాలన (1964-85). యూనియన్ల మీద, పార్టీల మీద ఆంక్షలు. చర్చి ఆవరణలో మాత్రం నలుగురు కలిసి మాట్లాడుకోగలిగేవారు. సావో పాలో శివార్లలో ఈ సంఘాలతో కలిసి పెరిగిన తల్లుల క్లబ్బుల్లో మాటలు కుట్టుపని దగ్గర మొదలై బియ్యం, పప్పు ధరల దాకా వచ్చాయి. అందులోంచి పుట్టిన ధరల వ్యతిరేక ఉద్యమం 1978లో పదమూడు లక్షల సంతకాలు సేకరించింది!

మనకిది వింతేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళే సారా కొట్టు మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. బైబిలు అయినా పలకా బలపం అయినా, రోజూ కలిసి కూర్చునే చోటు దొరకడమే ముఖ్యం.

అయితే ఆ చోటు ఎవరి దయ మీద ఉంది? సావో పాలోలో కార్డినల్ ఆర్న్స్ ఈ సంఘాలకు అండగా నిలిచారు. 1989లో వాటికన్ ఆయన అధికార పరిధిని ముక్కలు చేసి, శివార్లను కొత్త బిషప్పులకు అప్పగించింది. బిషప్పు మారితే విధానం మారవచ్చు. అప్పుడు "ఇది నా హక్కు" అని చూపించడానికి ఆ ఆడవాళ్ళ చేతిలో కాగితం ముక్క లేదు. పైగా ధరల గురించి గొంతెత్తినంత తేలిగ్గా కుటుంబ నియంత్రణ గురించి, విడాకుల గురించి అక్కడ మాట్లాడలేరు. ఆ విషయాల్లో చర్చి బోధన మారలేదు.

మార్పు నెమ్మదిగా వస్తోంది. 2021లో పోప్ ఫ్రాన్సిస్ ఆరాధనలో గ్రంథపఠనం, బలిపీఠ సేవ అనే అధికారిక బాధ్యతలను స్త్రీలకు కూడా తెరిచారు. మతబోధకులకు అధికారిక హోదా కల్పించారు. 2023 అక్టోబరు సినడ్‌లో స్త్రీలు తొలిసారి ఓటు వేశారు. 2024లో అదే సినడ్ ముగింపు పత్రం మాత్రం స్త్రీలను డీకన్లుగా నియమించే ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది.

కలిసి కూర్చుంటే ధైర్యం వస్తుంది, నిజమే. కాని నియమావళిలో చోటు లేని నాయకత్వం, పైవాడి మనసు మారిన రోజున పోతుంది. క్యాథలిక్కులకే కాదు, ఈ మాట మనకూ వర్తిస్తుంది. మన తెలుగు సంఘాల్లో పండగ వంటలు, పిల్లల తెలుగు బడి ఎవరు నడుపుతున్నారో, కార్యవర్గం పట్టికలో ఎవరి పేర్లున్నాయో ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకుందామా?