లాంగ్వేజ్ ఫ్రీ.. మరి దాన్ని నడిపేవాళ్ల సంగతి? చిన్న వెబ్ ప్రోగ్రామింగ్ భాషల మనుగడ ఎవరి చేతుల్లో..

ఫోన్‌లో టికెట్ బుక్ చేస్తాం. బ్యాంక్ వెబ్‌సైట్‌లో లాగిన్ అవుతాం. పిల్లల స్కూల్ ఫీజు ఆన్‌లైన్‌లో కడతాం. స్క్రీన్ మీద బటన్ నొక్కితే పని అయిపోతుంది. ఆ బటన్ వెనుక కోడ్ ఉంటుందని అందరికీ తెలుసు. ఆ కోడ్ రాయడానికి వాడిన భాషను ఎవరు తయారు చేశారు? ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు? వాళ్లకు జీతం ఎవరిస్తున్నారు? ఈ ప్రశ్నలు మాత్రం పెద్దగా ఎవరికీ రావు.

ప్రోగ్రామింగ్ భాషలు దాదాపు అన్నీ ఇప్పుడు ఉచితమే. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, వాడుకోవచ్చు, వాటితో వ్యాపారం చేసి కోట్లు సంపాదించుకోవచ్చు. తయారు చేసినవాళ్లకు పైసా ఇవ్వక్కర్లేదు. గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు వెనుక ఉన్న భాషలకు దీనివల్ల ఇబ్బంది లేదు. ఒకరిద్దరు మనుషుల భుజాల మీద నడిచే చిన్న భాషలకే అసలు కష్టం. అందులోనూ వెబ్ కోసం పుట్టిన భాషల పరిస్థితి మరీ విచిత్రం. మెచ్చుకునేవాళ్లు బోలెడుమంది, ఖర్చు పంచుకునేవాళ్లు కొద్దిమంది.

ఎల్మ్ చెప్పే పాఠం

ఈ విషయం అర్థం కావాలంటే ఎల్మ్ కథ తెలుసుకోవాలి. 2012లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఇవాన్ చాప్లికీ అనే విద్యార్థి తన థీసిస్‌లో భాగంగా ఈ భాషను తయారు చేశారు. బ్రౌజర్లకు ప్రధానంగా అర్థమయ్యేది జావాస్క్రిప్ట్ కాబట్టి, ఎల్మ్‌లో రాసిన ప్రోగ్రామ్‌ను కంపైలర్ జావాస్క్రిప్ట్‌గా మార్చి ఇస్తుంది.

ఇందులో గొప్ప ఏముంది అంటారా? జావాస్క్రిప్ట్‌లో చాలా తప్పులు వెబ్‌సైట్ నడుస్తున్నప్పుడు, అంటే కస్టమర్ ముందే బయటపడతాయి. ఎల్మ్ అలా కాదు. బండి హైవే ఎక్కాక ఆగిపోకుండా, షెడ్డు దాటకముందే ఎక్కడ లోపం ఉందో చెప్పేస్తుంది. అది కూడా మామూలు మాటల్లో, ఎలా సరిచేయాలో సూచనతో సహా. 'నడిచేటప్పుడు కూలిపోని ప్రోగ్రామ్‌లు' అన్నదే ఎల్మ్‌కు పేరు తెచ్చింది.

డబ్బు సంగతి చూస్తే.. 2013లో ప్రెజీ అనే కంపెనీ చాప్లికీకి ఉద్యోగం ఇచ్చింది. ఎల్మ్ మీద పని చేయడమే ఆ ఉద్యోగం. 2016లో ఆయన నోరెడ్‌ఇంక్ అనే విద్యారంగ కంపెనీకి మారారు. ఆ కంపెనీ అప్పటికే తన ఉత్పత్తిలో ఎల్మ్ వాడుతోంది. అంటే ఒక భాష మొత్తం భవిష్యత్తు ఒక మనిషి ఉద్యోగంతో ముడిపడి ఉంది.

2018 ఆగస్టులో 0.19 వెర్షన్ వచ్చింది. అప్పటిదాకా కొందరు డెవలపర్లు ఎల్మ్ లోపల నేరుగా జావాస్క్రిప్ట్ ముక్కలు పెట్టుకునేవాళ్లు. కొత్త వెర్షన్ ఆ దారి మూసేసింది. భాష ఇచ్చే భరోసా చెడిపోకూడదన్నది తయారీదారుల వాదన. ఆ దారి మీదే ఆధారపడ్డ డెవలపర్లకు మాత్రం ఒళ్లు మండింది. కొందరు ఎల్మ్‌ను వదిలేశారు. 2019 అక్టోబర్‌లో 0.19.1 వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు.

ఇక్కడే వాదన రెండుగా చీలింది. 'భాష చచ్చిపోయింది' అని ఒక వర్గం. 'పని పూర్తయింది, ఊరికే మార్చాల్సిన అవసరం ఏంటి?' అని మరో వర్గం. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. పాత ఎల్మ్ ప్రోగ్రామ్‌లు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. కానీ ఒక కంపెనీ మేనేజర్ కొత్త ప్రాజెక్ట్‌కు భాష ఎంచుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న 'ఇది ఐదేళ్ల తర్వాత ఉంటుందా?' అన్నదే. ఆ ప్రశ్నకు చిన్న భాషల దగ్గర గట్టి సమాధానం ఉండదు. సమాధానం లేదు కాబట్టి కంపెనీలు రావు. కంపెనీలు రావు కాబట్టి డబ్బు రాదు. డబ్బు రాదు కాబట్టి సమాధానం ఉండదు. గానుగెద్దు తిరిగినట్టు మళ్లీ అక్కడికే.

ఆలోచన ఒకరిది.. ఫలితం అందరిదీ

ఎల్మ్‌లో ప్రోగ్రామ్‌ను అమర్చే ఒక పద్ధతి ఉంది. 2015లో వచ్చిన రిడక్స్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఆ పద్ధతి నుంచి స్ఫూర్తి పొందింది. రిడక్స్ ప్రపంచమంతా పాకింది. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల ఇంటర్వ్యూల్లో రిడక్స్ మీద ప్రశ్న ఎదురైన ఫ్రెషర్లు ఎంతమందో! వాళ్లలో ఎల్మ్ పేరు విన్నవాళ్లు తక్కువే. తప్పులను మామూలు మాటల్లో చెప్పే అలవాటు కూడా అంతే. రస్ట్ భాష తన ఎర్రర్ మెసేజ్‌లను మెరుగుపరిచినప్పుడు ఎల్మ్ నుంచి నేర్చుకున్నామని బహిరంగంగానే చెప్పింది.

ఇందులో తప్పేం లేదు. ఆలోచనలు పంచుకోవడం కోసమే ఓపెన్ సోర్స్. కానీ లెక్క చూస్తే ఒకటి తేలుతుంది. చిన్న భాష ప్రయోగశాలలా పని చేస్తోంది. అక్కడ పండిన పంట పెద్ద భాషల గాదెలోకి చేరుతోంది. విత్తనం ఖర్చు మాత్రం చిన్న భాషే పెట్టుకుంటోంది.

పెద్ద భాషల వెనుక అసలు బలం ఏంటి?

గో భాష గూగుల్‌ది. టైప్‌స్క్రిప్ట్ మైక్రోసాఫ్ట్‌ది. స్విఫ్ట్ యాపిల్‌ది. ఈ కంపెనీలు ఆ భాషలను అమ్ముకోవడం లేదు. ప్రకటనలు, క్లౌడ్, ఫోన్లు.. ఇలా వేరేచోట వచ్చే లాభంలో చిన్న ముక్క భాషలకు పోతుంది. 2023లో అమెరికాలో జరిగిన స్ట్రేంజ్ లూప్ సదస్సులో చాప్లికీ మాట్లాడిన అంశం కూడా ఇదే. ప్రోగ్రామింగ్ భాషల ఆర్థిక శాస్త్రం.

అలాగని పెద్ద కంపెనీ నీడలో ఉంటే ఢోకా లేదనుకోవడానికీ వీల్లేదు. రస్ట్ పెరిగింది మొజిల్లాలో. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని తొలగించినప్పుడు రస్ట్ మీద పని చేసేవాళ్లకూ ఆ దెబ్బ తగిలింది. 2021 ఫిబ్రవరిలో అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, హువావే, మొజిల్లా కలిసి రస్ట్ ఫౌండేషన్ పెట్టడంతో అది నిలదొక్కుకుంది. అప్పటికే పెద్ద కంపెనీలు రస్ట్‌ను వాడుతున్నాయి కాబట్టే ఇది సాధ్యమైంది. చిన్న భాషలకు ఆ అదృష్టం ఉండదు.

పీహెచ్‌పీకి కూడా తప్పలేదు!

'చిన్న భాషల గోల మనకెందుకు?' అనుకునేవాళ్లు పీహెచ్‌పీని చూడాలి. సర్వర్ వైపు ఏ భాష వాడుతున్నారో తెలిసిన వెబ్‌సైట్లలో 70 శాతానికి పైగా పీహెచ్‌పీవే. వర్డ్‌ప్రెస్ నడిచేది దీని మీదే. ఇంత పెద్ద భాషకు కూడా లోపలి ఇంజిన్ గురించి పూర్తిగా తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండేవారు.

వాళ్లలో ముఖ్యుడు నికితా పొపోవ్. జెట్‌బ్రెయిన్స్ కంపెనీ జీతం ఇస్తుంటే పీహెచ్‌పీ మీద పని చేసేవారు. 2021 నవంబర్‌లో ఆయన వేరే ప్రాజెక్ట్ వైపు వెళ్తున్నట్టు తెలిసింది. వెంటనే జెట్‌బ్రెయిన్స్, వర్డ్‌ప్రెస్‌తో వ్యాపారం చేసే ఆటోమాటిక్ తదితర కంపెనీలు కలిసి పీహెచ్‌పీ ఫౌండేషన్ ఏర్పాటు చేశాయి. ఇప్పుడు డెవలపర్లకు ఆ ఫౌండేషనే డబ్బు చెల్లిస్తోంది. గమనించాల్సింది ఏంటంటే.. పీహెచ్‌పీ పుట్టింది 1990ల మధ్యలో. ఫౌండేషన్ పెట్టాలన్న తెలివి రావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. అది కూడా ఒక మనిషి వెళ్లిపోతున్నాడని తెలిశాకే!

గ్లీమ్ ఎంచుకున్న దారి

ఇప్పుడు అందరి చూపు గ్లీమ్ మీద ఉంది. లూయిస్ పిల్‌ఫోల్డ్ మొదలుపెట్టిన ఈ భాష 2024 మార్చిలో 1.0 వెర్షన్‌కు చేరింది. 2025 స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో వాడినవాళ్లు మెచ్చిన భాషల జాబితాలో రస్ట్ తర్వాతి స్థానం దీనిదే. 70 శాతం మంది మళ్లీ వాడతామన్నారు. వాడేవాళ్ల సంఖ్య మాత్రం ఇంకా చాలా చిన్నది.

గ్లీమ్ తెలివి ఖర్చు తగ్గించుకోవడంలో ఉంది. దీనికి సొంత రన్‌టైమ్ లేదు. టెలికాం కంపెనీ ఎరిక్సన్‌లో పుట్టిన ఎర్లాంగ్ వ్యవస్థ మీద నడుస్తుంది. వాట్సాప్ లాంటి సర్వీస్‌ను మోసిన వ్యవస్థ అది. బ్రౌజర్ కోసం అయితే జావాస్క్రిప్ట్‌గా మారుతుంది. ప్యాకేజీల కోసం కూడా సొంత గోడౌన్ కట్టుకోలేదు. ఎర్లాంగ్, ఎలిక్సర్ వాళ్ల దాన్నే వాడుకుంటోంది. సొంత ఇల్లు కట్టి అప్పుల పాలయ్యే బదులు ఉమ్మడి ఇంట్లో ఒక గది తీసుకున్నట్టు.

ఆదాయం ప్రధానంగా స్పాన్సర్ల నుంచి వస్తోంది. నెలకు కొద్ది డాలర్ల చొప్పున ఇచ్చే వ్యక్తులు, కొన్ని కంపెనీలు. ఈ మోడల్ లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. వెయ్యి మంది నెలకు 5 డాలర్లు ఇచ్చారనుకుందాం. మొత్తం 5,000 డాలర్లు. ఫీజులు, పన్నులు, సర్వర్ ఖర్చులు పోగా మిగిలేది యూరప్‌లో ఒక ఇంజినీర్ బతకడానికి సరిపోతుందేమో. రెండో మనిషిని పెట్టుకోవాలంటే ఇంకో వెయ్యి మంది కావాలి. చందాదారుల్లో సగం మంది ఒక నెల మానేస్తే? ఇంటి అద్దె ఆగదు కదా!

పట్టించుకోకపోతే ఏమవుతుంది?

దీనికి జవాబు ఇప్పటికే రెండుసార్లు దొరికింది. ఇంటర్నెట్ భద్రతకు గుండెకాయ లాంటి ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. అంతకుముందు ఆ ప్రాజెక్ట్‌కు విరాళాలుగా వచ్చింది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు మాత్రమే. లోపం బయటపడ్డాక పెద్ద కంపెనీలు నిధులు ప్రకటించాయి.

రెండోది 2024 మార్చిలో. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒక్క వ్యక్తి ఖాళీ సమయంలో చూసుకునేవారు. అలసిపోయిన ఆయనకు సాయం చేస్తానంటూ మారుపేరుతో ఒకరు చేరారు. ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి, దొంగదారి పెట్టేశారు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యం అవుతోందని ఒక ఇంజినీర్‌కు అనుమానం రావడంతో అది బయటపడింది. లేదంటే ఎన్ని సర్వర్లకు చేరేదో!

ఈ రెండూ భాషలు కావు. కానీ పరిస్థితి ఒక్కటే. మోసేది ఒక్కరు, ఎక్కేది ఊరంతా. పైగా భాష కంపైలర్‌లో దొంగదారి పడితే దానితో తయారయ్యే ప్రతి ప్రోగ్రామ్‌కూ ముప్పే.

నిధులు ఎక్కడున్నాయి?

జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్ మొదలుపెట్టింది. రోడ్లు, వంతెనలకు ఇచ్చినట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ నిర్వహణకు ప్రజాధనం ఇవ్వడం దీని ఉద్దేశం. ప్రభుత్వ డబ్బుతో షరతులు కూడా వస్తాయి. 2025లో పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అమెరికా ప్రభుత్వ సంస్థకు పెట్టుకున్న 15 లక్షల డాలర్ల గ్రాంట్ దరఖాస్తును వెనక్కి తీసుకుంది. వైవిధ్యానికి సంబంధించిన షరతులు తమ విలువలకు సరిపడవన్నది కారణం. ఏడాదికి 50 లక్షల డాలర్ల బడ్జెట్ ఉన్న సంస్థకు అది చిన్న మొత్తం కాదు.

మన దేశంలో చెప్పుకోదగ్గ అడుగు జెరోధాది. 2024 అక్టోబర్‌లో ఈ బ్రోకింగ్ కంపెనీ ఫ్లాస్ ఫండ్ ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఏడాదికి 10 లక్షల డాలర్లు. ఒక్కో ప్రాజెక్ట్‌కు 10 వేల నుంచి లక్ష డాలర్ల వరకు. తమ వ్యాపారం నిలబడింది ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే కాబట్టి తిరిగి ఇవ్వడం బాధ్యత అని ఆ కంపెనీ చెబుతోంది. ఇదే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్న మిగతా భారతీయ కంపెనీలు ఎన్ని? ఆ ప్రశ్న అడగాల్సిన సమయం ఇదే.

ఏఐతో కొత్త తలనొప్పి

కోడ్ రాసే ఏఐ టూల్స్ నేర్చుకునేది ఇంటర్నెట్‌లో ఉన్న కోడ్ నుంచే. జావాస్క్రిప్ట్, పైథాన్ కోడ్ కుప్పలుగా ఉంది కాబట్టి వాటిలో బాగా రాస్తాయి. చిన్న భాషల్లో తడబడతాయి. దాంతో కొత్త డెవలపర్ ఏఐకి వచ్చిన భాషనే ఎంచుకునే ప్రమాదం ఉంది. ఇంకో సమస్య.. సమాధానం చాట్‌లోనే దొరికితే భాష వెబ్‌సైట్‌కు ఎవరు వెళ్తారు? వెళ్లకపోతే 'స్పాన్సర్ చేయండి' అన్న బటన్ ఎవరికి కనిపిస్తుంది?

మరి దారి ఏంటి?

ఇప్పటిదాకా జరిగింది చూస్తే మూడు విషయాలు స్పష్టం. ఒకటి, చిన్న భాష అన్నీ తానే చేయాలనుకోకూడదు. గ్లీమ్‌లా ఉన్నదాన్ని వాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. రెండు, తాళాలన్నీ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. పీహెచ్‌పీ ఆ పాఠం ఆలస్యంగా నేర్చుకుంది. మూడు, భాషను వాడే కంపెనీలు ఇచ్చే డబ్బును దానంగా చూడటం మానాలి. కరెంటు బిల్లు, క్లౌడ్ బిల్లు కట్టినట్టే నెలనెలా బడ్జెట్‌లో ఒక లైన్ పెట్టుకోవాలి. భాష ఆగిపోతే కోడ్ మొత్తం తిరగరాయడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

డెవలపర్ల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. కొత్త వెర్షన్ రాలేదని తిట్టే ముందు, ఆ పని చేస్తున్నది ఎంతమంది, వాళ్లకు ఇచ్చేది ఎవరు అని ఒక్కసారి చూడాలి. ఉచితం అంటే కొనేవాడికి ధర లేదని అర్థం. చేసేవాడికి ఖర్చు లేదని కాదు.