కత్తికి ముందు నడక

మా మేనత్తకు 78 ఏళ్ళు. పిత్తాశయంలో రాళ్ళు పడి తరచు నొప్పితో బాధపడుతూంటే, పోయిన యేడు ఆపరేషను చేయించాలని నిశ్చయించాం. మా బావ సిద్ధాంతిగారి చేత ముహూర్తం కూడా పెట్టించాడు. తీరా ఆస్పత్రికి వెళితే, డాక్టరుగారు అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, "లేచి, ఆ గీత దాకా నడిచి, తిరిగివచ్చి కూర్చోండమ్మా" అంటూ గడియారం చూస్తూ నిలబడ్డారు. గీత మూడు మీటర్ల దూరం. ఆపైన చేతికొక పనిముట్టు ఇచ్చి గట్టిగా పిడికిలి బిగించమన్నారు.

"ఒరే, పెళ్ళిచూపుల్లో కూడా నన్నింత నడిపించలేదురా!" అంది అత్తయ్య నాతో.

బావకు చిరాకేసింది. "రక్తం, గుండె అన్నీ బాగున్నాయన్నారు కదండీ, ఇదంతా దేనికి?" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు నాన్నగారు గుర్తుకొచ్చారు. ఇరవై యేళ్ళ క్రితం ఆయనకు హెర్నియా ఆపరేషను చేశారు. అప్పుడూ పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. కుట్లు శుభ్రంగా మానాయి. కాని ఆయన మళ్ళీ మంచం దిగి వీధి గుమ్మం దాకా నడవలేదు. అంతకు ముందు యేడాదిలో ఆయన చొక్కాలన్నీ వదులైపోతే, అమ్మ గుండీలు జరిపి కుట్టింది. వయస్సు మీద పడుతోంది కదా అనుకున్నాం. డాక్టర్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.

డాక్టరుగారు ఓపికగా చెప్పారు. దీన్ని ఇంగ్లీషులో 'ఫ్రెయిల్టీ' అంటారట. ఒట్టి నీరసం కాదు. దెబ్బ తగిలితే కోలుకోవడానికి ఒంట్లో నిలవ ఉండవలసిన సత్తువ తరిగిపోవడం. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే వైద్యురాలూ, ఆమె సహచరులూ దీనికి ఐదు గుర్తులు చెప్పారు: ప్రయత్నించకుండానే యేడాదిలో సుమారు 4.5 కిలోలు, అంతకు మించి తగ్గడం, ఊరికే అలసిపోవడం, తిరగడం తగ్గిపోవడం, నడక మందగించడం, పిడికిలి పట్టు సడలడం. వీటిలో మూడుంటే ఆ మనిషి దుర్బలుడన్నమాట. 2010లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 65 దాటిన 594 మందిని ఆపరేషనుకు ముందు ఇలాగే చూశారు. దుర్బలులకు చిక్కులు ఎక్కువ వచ్చాయి. ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉన్నారు. తిన్నగా ఇంటికి పోలేక సంరక్షణ కేంద్రాలకు వెళ్ళవలసినవారూ వారిలోనే ఎక్కువ.

అత్తయ్యలో మూడు గుర్తులు కనబడ్డాయి. "అయితే ఆపరేషను వద్దంటారా?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"వద్దనను. నొప్పి అదుపులోనే ఉంది కనుక ఆరు వారాలు ఆగుదాం" అన్నారు డాక్టరుగారు. రెండు పూటలా నడక, పట్టుకోకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఊపిరి కసరత్తు, కొవ్వు తగ్గించి పప్పూ, వెన్న తీసిన పాల పెరుగూ ఎక్కువగా పెట్టడం — ఇదీ వైద్యం. ముహూర్తం తప్పినందుకు బావ నెలరోజులు సణిగాడు. ఆపరేషనయిన నాలుగోనాడు అత్తయ్య తన కాళ్ళ మీదే ఇంటి మెట్లెక్కింది.

ఈ కొలత జాతకం కాదు. అన్నీ బాగున్నవారికీ చిక్కులు రావచ్చు, దుర్బలులూ గట్టెక్కవచ్చు. ఆపరేషను క్షణం ఆగరానిదైతే ఆరు వారాలు ఆగమనేవారూ ఉండరు. కాని వ్యవధి ఉన్నప్పుడు, "ఆపరేషను తట్టుకుంటారా?" అనే కాక, "అయ్యాక మునుపటిలా తిరగగలరా?" అని కూడా అడగండి. మీ ఇంట్లో పెద్దవారి చొక్కా వదులైతే, గాజులు మోచేతి దాకా జారుతూంటే, డాక్టరుగారు అడగకపోయినా మీరే చెప్పండి. మేము చెప్పలేదు.