వీధిలోని ముఖము

రాజా దీన్ దయాళ్ (1844-1905) కాలమున గాజుపలకపై ఛాయాచిత్రము తీయవలెనన్న ఎదుటివారు కదలక నిలువవలసి యుండెను. పిదప వచ్చిన ఫిలిం చుట్టకు 36 బొమ్మలే. ప్రతి బొమ్మకును వెల యుండుటచే, తీయువాడు నిలిచి, చూచి, పలుకరించి మరీ తీసెడివాడు. 2022లో గతించిన ఓరుగల్లు ఛాయాగ్రాహకుడు భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల గుమ్మములను, బతుకమ్మను ఏండ్ల తరబడి చిత్రించెను.

నేడు కామారెడ్డి గంజ్‌లోను, ఎల్లారెడ్డి బస్సుస్టాండులోను దాదాపు ప్రతి చేతిలోను స్మార్ట్‌ఫోను కలదు. ఇది కీడనరాదు. నిన్నటివరకు ఒరులు తీసిన బొమ్మలో నిలుచుటయే గాని, తన వీధిని తానే చిత్రించు భాగ్యము కూరగాయలమ్ము తల్లికి లేకుండెను, నేడు కలిగినది.

అయితే, తీయుట ఎంత సులభమైనదో అడుగుట అంత అరుదైనది. అలసి నిద్రించు కూలివాని ముఖము, ఆతడు మేలుకొనులోపలనే వేయిమంది చేతులకు చేరి నగుబాటగుచున్నది. ఒకనాడు ఫిలిం వెల నేర్పిన నిదానమును నేడు తీయువాడే నేర్వవలెను. ముందో వెనుకో అడుగుట, తీసినది చూపుట, వలదన్నచో తుడిచివేయుట: ఈ మూడును వ్యయములేని మర్యాదలు. వీధిలో కనిపించినంత మాత్రమున ముఖము వీధిసొత్తు కానేరదు.