మా దగ్గర బాగానే ఉంది మేడమ్!

పంటినొప్పి డాక్టరు గారి గుమ్మం దాకా వచ్చి మాయమవుతుంది చూశారా, మా కారు జబ్బూ అలాంటిదే. షెడ్డు గేటు దాటి లోపలికి వెళ్లిందంటే చాలు, బుద్ధిమంతురాలైపోయేది. మెకానిక్ ఒక రౌండు వేసుకొచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి, 'మా దగ్గర బాగానే ఉంది మేడమ్' అనేవాడు. ఆ 'మా దగ్గర' అనడంలో ఉంది విరుపంతా. లోపం బండిలో లేదు, నడిపే మనిషిలో ఉందని దాని అర్థం.

మాది పన్నెండేళ్లు దాటిన ఆటోమేటిక్ కారు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక క్లచ్ తొక్కే పని ఉండకూడదని ఏరికోరి సెకండ్ హ్యాండులో కొనుక్కున్నాను. వారానికి రెండుసార్లు అమ్మని గుంటూరు నుంచి విజయవాడకి ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది ఆ బండిలోనే.

ఒక మే నెల మధ్యాహ్నం కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్ ఆగింది. ముందు లారీ కదిలింది. నేను యాక్సిలరేటర్ నొక్కితే బండి గర్భిణిలా మూలుగుతూ కదిలింది తప్ప పికప్ లేదు. వెనక హారన్ల మోత. మీటర్ల దగ్గర 'డి' అక్షరం టపటపా వెలిగి ఆరుతోంది. ఎలాగో పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాను. ఏమీ జరగనట్టు పరుగెత్తింది. వెనక సీట్లో అమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

ఇరవై ఏళ్లు గేర్ల బండి నడిపినదాన్ని. పొరపాటున మూడో గేరులో బండి లేపితే ఎలా ఉంటుందో నా కాలికి తెలుసు. అచ్చం అలాగే ఉంది. ఆ మాటే షెడ్డులో చెప్పాను. 'ఆటోమేటిక్‌కి గేర్లు అదే వేసుకుంటది మేడమ్. మీరు ఒక కాలు బ్రేకు మీద పెట్టి ఉంచుతున్నారేమో' అన్నాడు. పైగా 'రీసెట్ చేస్తా' అంటూ బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టాడు. మా వారు కూడా 'కొంచెం మెల్లగా నొక్కి చూడు' అన్నారు. మరో షెడ్డులో గేర్ బాక్స్ దించాలన్నారు. ఎస్టిమేట్ 80 వేలు. లోపల ఏం పోయిందని అడిగితే, దించితే గానీ తెలీదట! ఇంట్లో అందరూ కలిసి కారు అమ్మేద్దామని తేల్చారు. అమ్మని ఆటోలో తీసుకెళ్లొచ్చు కదా అని కూడా అన్నారు. నడుము పట్టేసిన మనిషిని ముప్పై కిలోమీటర్లు ఆటోలో తిప్పమనేవాళ్లు ఒక్కసారి అందులో కూర్చుని వెళ్లి చూస్తే బాగుండు.

అప్పుడు మొదలుపెట్టాను, పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో. ఏ తారీఖు, ఎన్ని గంటలకి, బండి తీసి ఎంతసేపైంది, ఏసీ వేసి ఉందా, గుంట ఏమైనా ఎక్కిందా, ఏం చేస్తే పోయింది... ఇంతే. మూడు వారాల్లో తొమ్మిదిసార్లు వచ్చింది. ఉదయం పూట ఒక్కసారీ రాలేదు. అరగంట నడవకముందు ఒక్కసారీ రాలేదు. రెండుసార్లు స్పీడ్ బ్రేకర్ దాటగానే వచ్చింది. ప్రతిసారీ ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే పోయింది.

ఆ ఆఖరి వరుస చూస్తుంటే నాకే అనుమానం తట్టింది. గేర్ బాక్స్ లోపల ప్లేట్లు అరిగిపోతే పది సెకన్లు తాళం తిప్పినంత మాత్రాన మళ్లీ మొలుస్తాయా? ఈ పాతరకం ఆటోమేటిక్‌లలో గేర్లు మార్చేది ఆయిల్ ఒత్తిడి. ఆ ఆయిల్‌ని ఎటు పంపాలో చెప్పేవి సోలినాయిడ్లనే చిన్న కరెంటు కవాటాలు. వాటికి ఆజ్ఞలిచ్చేది కంప్యూటరు. ఎక్కడైనా కరెంటు తెగితే కంప్యూటరు భయపడి, పెద్ద నష్టం జరక్కుండా బండిని ఒకే గేరులో బిగించేస్తుంది. చాలా బండ్లలో అది మూడో గేరే. అంటే నా కాలు చెప్పింది నిజమే!

ఈసారి పుస్తకం పట్టుకుని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు పుస్తకం చదివాడు. 'ఈమధ్య బ్యాటరీ ఎవరైనా పీకారా?' అని అడిగాడు. లోపం వచ్చినప్పుడల్లా కంప్యూటరు ఒక కోడ్ దాచుకుంటుందట. చాలా బండ్లలో బ్యాటరీ వైరు తీస్తే ఆ సాక్ష్యం కాస్తా చెరిగిపోతుంది. మొదటి షెడ్డులో చేసిన ఘనకార్యం అదన్నమాట. అదృష్టం కొద్దీ ఆ తర్వాత మళ్లీ వచ్చింది కాబట్టి స్కానర్ పెడితే సోలినాయిడ్ కరెంటు దారిలో లోపమని చూపించింది. మిట్టమధ్యాహ్నం రెండింటికి నన్నే నడపమని, తను పక్కన కూర్చున్నాడు. నలభై నిమిషాలకి వచ్చింది. చివరికి దొరికిందేమిటంటే, బ్యాటరీ కింద గేర్ బాక్స్‌కి వెళ్లే వైర్ల కనెక్టర్‌లో పచ్చగా చిలుము. వేడెక్కి, కుదుపు తగిలితే లూజ్ కాంటాక్ట్. ఎర్త్ వైరు కూడా అలాగే ఉంది. రెండూ శుభ్రం చేసి బిగించాడు. గోధుమరంగుకి తిరిగిన గేర్ ఆయిల్ కూడా మార్పించాను. ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి, 'డి' మళ్లీ మిణుకుమనలేదు.

అలాగని ప్రతి బండికీ వైరే కారణమనుకోకండి. ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోయినా, 'పార్క్' నుంచి 'డి'కి వేస్తే రెండు మూడు క్షణాలు ఆలోచించి గానీ పట్టకపోయినా, ఆయిల్ నల్లబడి మాడిన వాసనొచ్చినా దాన్ని అలాగే నడపొద్దు. ఒక్కోసారి ఆయిల్ తగ్గడమే కారణం కావచ్చు. చూసే పద్ధతి బండికో రకం, కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు, కాబట్టి బండితో వచ్చిన పుస్తకం చూడండి. ఆయిల్ సరిగానే ఉండి కూడా జారుతుంటే గేర్ బాక్స్ నిజంగానే దించాల్సి రావచ్చు.

ఇంకో మాట. ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కావు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర ఏఎంటీ బండ్లు ఊపందుకున్నాయి. వాటిలో ఉండేది మామూలు క్లచ్చూ మామూలు గేర్లే, మన కాలికి బదులు యంత్రం తొక్కుతుంది, అంతే. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే నిలబెడితే అందులో క్లచ్ అరుగుతుంది. ఆ రోజుల్లో కొన్నవి ఇప్పుడు పదేళ్లు దాటాయి. మీది ఏ రకమో తెలియకుండా ఎవరి సలహా వినకండి, నాది కూడా.

మెకానిక్‌లని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వచ్చీపోయే జబ్బు పట్టుకోవడం నిజంగా కష్టం. సగం రోజు మన పక్కన కూర్చుని తిరిగితే వాళ్లకి పైసా రాదు, సామాను మారిస్తే వస్తుంది. మరి వాళ్లు ఏది చేస్తారు? సామాను బిల్లు ఎంతైనా మాట్లాడకుండా కట్టి, లేబర్ దగ్గరికొచ్చేసరికి గీసిగీసి బేరమాడేది మనమే కదా! డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తాం. 'జబ్బేమిటో వెతికినందుకు ఇంత ఇస్తాను, దొరక్కుండా ఏదీ విప్పొద్దు' అని బండి అప్పజెప్పేటప్పుడే చెబితే ఆయనా వింటాడు, మన మాటా వింటాడు.

మా ఎలక్ట్రీషియన్ వెతికినందుకు విడిగా 700 అడిగాడు. 'చిలుము గోకడానికి 700 ఏంటయ్యా' అని మా వారు మొదలుపెట్టబోతే, నేను ఆయన చేతిలో వెయ్యి పెట్టి బండి స్టార్ట్ చేశాను.